ఫిరోజన్న చలి ఎడారి

ఎల్లారెడ్డి బస్టాండు వెనక సందులో మోటర్ వైండింగ్ షాపు నడిపే ఫిరోజన్న ఆడే అబద్ధం ఒక్కటే. "నేను బాగున్న." పదమూడేళ్లు రియాద్ నుంచి ఫోన్లో ఇంటికి ఇదే మాట చెప్పాడు. జ్వరమొచ్చినా బాగున్న. వేలు నలిగినా బాగున్న. అపెండిక్స్ నొప్పితో మెలికలు తిరుగుతూ కూడా బాగున్న. పోయిన జూన్‌లో ఆ మాట మమ్మల్ని ఎక్కడిదాకా తీసుకుపోయిందో చెప్తాను. పక్క సీట్లో కూర్చున్నది నేనే.

ముందు షాపు సంగతి. గాంధారి, తాడ్వాయి, మహమ్మద్‌నగర్ దిక్కు నుంచి రైతులు కాలిపోయిన బోరు మోటర్లు తెస్తారు. లోపలి రాగి తీగ నల్లగా మాడి ఉంటుంది. దాన్ని కోసి పారేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఇస్తాడు. నేను హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ మూడు సెమిస్టర్లు చదివి వదిలేసి వచ్చినవాణ్ణి. ఇంట్లో ఉంటే తిట్లు, అందుకని ఆ షాపులో కూర్చునేవాణ్ణి. అక్కడ రోజూ ఒకటే పంచాయితీ. మహమ్మద్‌నగర్ లస్మయ్య మోటరు దించగానే మొదలుపెడతాడు.

"బాగనే నడిచిందే ఫిరోజూ. ఇయ్యాల పొద్దుగాల దబ్బున ఆగింది."

"ఏ మోటరు దబ్బున ఆగది బాపూ. నాలుగు రోజుల సంది వేడెక్కుతున్నదా, లేదా? వాసనొచ్చిందా, లేదా?"

"జరంత వచ్చిందనుకో…"

"వచ్చినప్పుడే స్విచ్ ఆపాలె. కాలినంక నా దగ్గరికెందుకు, బొందలగడ్డకు తీస్కపో."

లస్మయ్య నవ్వుతాడు. మళ్లీ నెలకు ఇంకో మోటరు కాల్చుకొని వస్తాడు.

ఫిరోజన్నకు నలభై మూడేళ్లు. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. పదమూడేళ్లు ఎడారిలో ఉండి వచ్చినవాడు కదా అని ఒకసారి అడిగాను.

"ఎడారి ఎట్లుంటదన్నా?"

"బస్సు కిటికీ లెక్కుంటది."

ఆయన హాస్యమాడలేదు. తెల్లారక ముందే కంపెనీ కూలీల క్యాంపు బస్సు, చీకటి పడ్డాక మళ్లీ క్యాంపు బస్సు. శుక్రవారం బజారు, బట్టలు ఉతుక్కోవడం. ఇసుక దిబ్బ మీద ఊరికే నిలబడ్డది ఒక్కరోజు కూడా లేదట.

ఆ క్యాంపులో ఆయన కింద మంచం, గాంధారి పక్క తండా తుల్జారాంది పై మంచం. రెండో ఏడు తుల్జారాం ఛాతీలో నొప్పి అని సూపర్‌వైజర్‌కు చెప్పాడు. మూడో రోజు విమానం ఎక్కించి పంపేశారు. గల్ఫ్ కోసం అమ్ముకున్న రెండెకరాలు తిరిగి రాలేదు. ఇప్పుడు ఏటా మహారాష్ట్రకు చెరకు కోతకు పోతాడు. ఆయన పోయిన రోజు నుంచి ఆ గదిలో ఉన్న ఎనిమిది మంది ఒక పద్ధతి పెట్టుకున్నారు. నొప్పి ఏదైనా సరే, సూపర్‌వైజర్ ముందర నవ్వాలి. ఇంటికి చెప్తే ఇంట్లోవాళ్లు ఏడ్చి ఎవరికో చెప్తారు, అది తిరిగి తిరిగి కంపెనీకి చేరుతుంది. కాబట్టి ఇంటికీ చెప్పొద్దు. క్యాంపుల్లో బతికిన మావైపు వాళ్లలో చాలామందికి ఇది ఒంట్లో కలిసిపోయింది. ఊరికొచ్చాక కూడా వదలదు.

నా ఫోన్లో, ఉత్తరాన కొండల్లో ఉండే లేహ్ వీడియో చూసింది ఆయనే. బోడి కొండలు, బూడిదరంగు నేల, మధ్యలో ఆకుపచ్చగా చిన్న ఊరు.

"ఇది గూడ ఎడారేనా?"

"ఎడారేనన్నా. వాన పడది. గని చలి."

"ఆడ మనోళ్లేం పని చేస్తరు?"

"పనికి కాదన్నా. చూడనీకి పోతరు. బ్యాగేసుకొని తిరుగుతరు, తింటరు, వస్తరు."

చేతిలో తీగ పట్టుకొని చాలాసేపు ఆ స్క్రీన్ చూశాడు. "ఎవ్వడు పనికి పిలవని ఎడారి," అన్నాడు. తర్వాతి నెల ఒకరోజు షట్టరు ఎత్తుతూనే "టికెట్లు తియ్యి తమ్మీ" అన్నాడు.

కామారెడ్డిలో కొన్న కొత్త బ్యాక్‌ప్యాక్‌కు అడ్డం నిలువు నైలాన్ తాడు కట్టాడు. నాలుగు దిక్కులా మార్కర్‌తో పేరు, ఊరు, ఫోన్ నంబరు రాశాడు.

"అన్నా, ఇది కార్గో కాదు. భుజానికేసుకునే సంచి."

"పోతే దొరకాలె గద."

కామారెడ్డి స్టేషన్‌కు ఆయన భార్య ఇఫ్ఫత్ భాభీ కూడా వచ్చింది. ఫిరోజన్న నీళ్ల సీసా నింపడానికి పోగానే నన్ను పక్కకు పిలిచింది.

"సంపత్, ఒక మాట చెప్త యాదికి పెట్టుకో. ఆయన బాగున్న అంటే నమ్మకు."

"అట్లనా భాభీ. మరెట్ల తెలుస్తది?"

"తిండి ముచ్చట జాస్తి చేసిండంటే ఏదో అయిందనుకో. అపెండిక్స్ అయినప్పుడు తొమ్మిది రోజులు నాకు ఫోన్ల బిర్యానీ, కబాబు, ఖుబానీ మీఠా అన్నడు. అటెన్క తెలిసింది, ఆ తొమ్మిది రోజులు ముద్ద గూడ దిగలే. నేను ఏం తిన్నవ్ అని అడుగుతగద, జవాబు తయారు పెట్టుకుంటడు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. రైలు వచ్చింది, ఆ మాట ప్లాట్‌ఫారం మీదే వదిలేసి ఎక్కాను.

హైదరాబాద్‌లో విమానం ఎక్కి, మర్నాడు పొద్దున లేహ్‌లో దిగాం. దిగగానే ఇద్దరి ఫోన్లూ చచ్చిపోయాయి. బయటి ప్రీపెయిడ్ సిమ్ము అక్కడ పనిచేయదు. ఆ సంగతి నాకు తెలుసు, మర్చిపోయాను. గెస్ట్‌హౌస్‌లో వైఫై ఉంది, గేటు దాటితే మనం ఎవరికీ దొరకం.

గెస్ట్‌హౌస్ పెద్దామె వేడినీళ్లు ఇచ్చి మరీ చెప్పింది. పదకొండు వేల అడుగుల పైన ఉన్నారు, గాలి పల్చన, రెండు రోజులు మంచం దిగకండి, ఆ తర్వాతే ఇంకా పైకి పోండి అని. ఫిరోజన్న చేతులు కట్టుకొని "జీ బెహెన్‌జీ, జీ" అన్నాడు. గదిలోకి రాగానే,

"వచ్చిందే నాలుగు రోజులు. రెండు రోజులు పండుకోనీకి ఎల్లారెడ్డిల మంచం లేదా? నేను యాభై డిగ్రీలల్ల ఇనుము మోసినోన్ని తమ్మీ. ఎడారి నాకేం కొత్త?"

ఎండ ఎడారి వేరు, ఈ ఎత్తు వేరు. ఆ సంగతి చదువుకున్నవాణ్ణి నేను. చెప్పాల్సినవాణ్ణి నేను. నాకు కూడా గదిలో కూర్చోబుద్ధి కాలేదు, అందుకని చెప్పలేదు. ఖర్దుంగ్ లా అనే కనుమకు మర్నాటికే షేర్ టాక్సీ మాట్లాడాను. పదిహేడు వేల అయిదు వందల అడుగులు.

పొద్దున నేను మొహం కడుక్కుంటుంటే బయట ఫిరోజన్న భాభీకి వాయిస్ మెసేజ్ పెడుతున్నాడు. "బాగున్న ఇఫ్ఫత్. రెండు రోటీలు, ఆమ్లెట్, జర్దాలు పండ్లు, రెండు కప్పుల చాయ్. పొట్ట ఫుల్లు." నేను వచ్చి చూస్తే ఆయన పళ్లెంలో రోటీలు రెండూ విరవకుండా ఉన్నాయి. చాయ్ మీద మీగడ కట్టింది. నేను చూశాను. చూసి, ఆ రోటీలు నేను తినేశాను.

బూటు లేసు కట్టుకోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. ఒకటి కట్టి, గోడకు ఆనుకొని, రెండోది కట్టాడు.

టాక్సీకి ఇంకా టైముందని ఊరిపైన ఉన్న శాంతి స్తూపం మెట్లు ఎక్కాం. అయిదొందల పైన మెట్లు. పది మెట్లకోసారి ఆగి "ఆ కొండ చూడు తమ్మీ" అంటాడు. అదే కొండ. మళ్లీ పది మెట్లు, మళ్లీ అదే కొండ. నేను ఫొటోలు తీశాను. ఇప్పుడు ఆ ఫొటోలు వరసగా చూస్తే ఆయన పెదాల రంగు మారుతూ పోవడం కనబడుతుంది. అప్పుడు నేను వెలుతురు మాత్రమే చూశాను.

పదిన్నరకు టాక్సీ వచ్చింది. డ్రైవరు పేరు నోర్బూ. ఎండకు బుగ్గలు కమిలిన మనిషి, యాభై ఏళ్లుంటాయి, హిందీలో తక్కువ మాట్లాడతాడు. ముందు సీట్లలో పుణె నుంచి వచ్చిన భార్యాభర్తలు. మేం వెనక. ఊరు దాటగానే రోడ్డు కొండను చుట్టుకుంటూ పైకి పాకింది. కుడివైపు రాయి, ఎడమవైపు ఏమీ లేదు. గోడ లేదు, కంచె లేదు. కింద లేహ్ మొత్తం ఎవరో పారబోసిన గుప్పెడు మొలకల్లా ఉంది.

సౌత్ పుల్లూ దగ్గర చెక్‌పోస్టులో కాగితాలు చూపించాక నేను చాయ్ తాగాను, ఆయన వద్దన్నాడు. అక్కడే తిండి ముచ్చట మొదలుపెట్టాడు.

"ఈ చలికి ఇఫ్ఫత్ చేసే ఖిచిడీ ఉండాలె తమ్మీ. మీద ఖీమా, పక్కకు చింతపులుసు ఖట్టా. ఖట్టాల నువ్వులు దంచి ఏస్తది."

"నోరూరిస్తున్నవన్నా," అన్నాను.

బండి కదిలింది. ఆయన ఆగలేదు. బోధన్‌లో మేనమామ పెళ్లిలో తిన్న తలాహువా గోష్. రంజాన్‌లో ఎల్లారెడ్డి మసీదు ముందర అమ్మే దహీ వడలు. తుల్జారాం వాళ్లమ్మ గాంగి క్యాంపుకు పంపిన జొన్నరొట్టె, ఎండుమిర్చి కారం, అది సంచి అడుగున తొమ్మిది రోజులు ఎట్లా నిలవున్నది. ముందు సీటు ఆవిడ వెనక్కి తిరిగి నవ్వింది. మావాడి మాటలు అర్థంకాకపోయినా వంటకాల పేర్లు అర్థమవుతున్నాయి. ఆమె నవ్వు మధ్యలో ఆగింది. ఆయన మొహం వైపు చూసి నా వైపు చూసింది.

నేను తిరిగి చూశాను. పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. గోళ్లు కూడా. మాట మాటకూ మధ్య ఊపిరి తీస్తుంటే లోపల ఒక చప్పుడు. ఆ చప్పుడు నాకు తెలుసు. బోరులో నీళ్లైపోయి మోటరు గాలి గుంజుకుంటుంటే పైపులో గురగురమంటుందే, అది.

అప్పుడు యాదికొచ్చింది. కామారెడ్డి ప్లాట్‌ఫారం. తిండి ముచ్చట జాస్తి చేసిండంటే.

అంత చలిలో నా చంకలు తడిసిపోయాయి.

"అన్నా. బాగున్నవా?"

"ఫస్ట్‌క్లాస్ ఉన్న. ఎందుకట్ల చూస్తున్నవ్?"

"తల నొస్తున్నదా?"

"తలా? తలకేం. పాయ తలకాయ కూర తెల్సా నీకు, కామారెడ్డి స్టేషన్ రోడ్డుల…"

"అన్నా, కూర సంగతి ఇడిసిపెట్టు! నిజం చెప్పు."

నవ్వాడు. ఆ నవ్వు నేను మునుపెన్నడూ చూడలేదు. పళ్లు మొత్తం కనబడేట్టు, కళ్లు మాత్రం కదలకుండా. సూపర్‌వైజర్ ముందర నవ్వే నవ్వు అదేనని నాకెవరూ చెప్పక్కర్లేకపోయింది.

సరిగ్గా అప్పుడే బండి ఆగింది. ముందు మిలిటరీ లారీల వరస. పైన ఎక్కడో మంచు జారి రోడ్డు మీదికి వచ్చిందట, మిషను తీస్తున్నదట. కనుమ ఇంకో మూడు కిలోమీటర్లు. రెండు పక్కలా మంచు గోడలు, మనిషి ఎత్తు. ఇంజన్లు ఆపేశారు. అంత నిశ్శబ్దం నేను ఎక్కడా వినలేదు. ఆ నిశ్శబ్దంలో ఫిరోజన్న ఛాతీ గురగురమంటోంది.

నేను దిగి నోర్బూ దగ్గరికి పోయి, బండి వెనక్కి తిప్పమన్నాను. ఆయన కిటికీలోంచి ఫిరోజన్నను చూశాడు. మొహం గట్టిపడింది. డిక్కీలోంచి చిన్న ఆక్సిజన్ సిలిండరు తీసి, తలుపు తెరిచి హిందీలో అడిగాడు.

"భాయీసాబ్, తల తిరుగుతోందా? ఊపిరి కష్టంగా ఉందా?"

"ఏక్‌దమ్ ఫిట్," అన్నాడు ఫిరోజన్న. సిలిండరు చేత్తో పక్కకు తోశాడు. "ఎవరికన్నా అవసరముంటే ఇయ్యిండ్రి."

పుణె ఆయన విసుక్కున్నాడు. మనిషి బాగానే మాట్లాడుతున్నాడు కదా, ఇంత దూరం వచ్చి పైన ఫొటో అయినా దిగకుండా పోతామా అన్నాడు. ఆయన భార్య మోచేత్తో పొడిచింది, ఆయన ఇంకా గట్టిగా అన్నాడు.

నోర్బూ నన్ను బండి వెనక్కి తీసుకుపోయాడు.

"ఇతన్ని కిందికి దించాలి. సిలిండరు కాసేపటికే. కిందికి దించడమే మందు. కానీ ఆయన వద్దంటుంటే నేను తిప్పితే ఇక్కడే గొడవ. గొడవలో అరగంట పోతుంది, ఆయన దిగి మంచులో నడిచిపోతాడు, అలాంటివాళ్లను చూశాను. ఆయన నోటితో ఆయన చెప్పనీ. ఒక్క మాట చాలు, ఎవరూ నోరెత్తరు."

వేలు పెట్టి ముందుకు చూపించాడు. మా ముందు ఆరు లారీలు. వాటికి అవతల రోడ్డు కొంచెం వెడల్పైన ఒక మలుపు.

"ఈ మంచు గోడల్లో బండి తిరగదు. ఆ మలుపులో తిరుగుతుంది. అది దాటితే పైదాకా చోటు లేదు. వరస కదిలాక వెనక ఉన్నవాళ్లు ఆగనివ్వరు. ఆలోపల చెప్పించు."

ఫోన్ తీశాను. తెర మీద ఒక్క గీత కూడా లేదు. భాభీ ఈ పాటికి షాపు తెరిచి ఉంటుంది. ఆయన లేనప్పుడు ఆమే కూర్చుంటుంది. ఆమెకు వెళ్లిన కడపటి మాట, పొట్ట ఫుల్లు.

ఎక్కి ఆయన పక్కన కూర్చున్నాను. చెయ్యి పట్టుకున్నాను. ఇనుము ముక్కలా చల్లగా ఉంది.

"అన్నా, కిందికి పోదాం. నాకు బాగలేదు. నా కోసం పోదాం."

అబద్ధానికి అబద్ధమే మందనుకున్నాను. ఆయన నా వైపు తిరిగాడు. కళ్లు నా మీద ఉన్నాయి, చూపు ఇంకెక్కడో ఉంది. గొంతు తగ్గించి, నా చెవి దగ్గరికొచ్చి అన్నాడు.

"తుల్జారాం. నోరు ముయ్యిరా. చెప్పకు. పంపేస్తరు."

ఆయన భుజం పట్టి కుదిపాను.

"అన్నా, నేను సంపత్‌ని."

"సూపర్‌వైజర్ బండి ఎన్క నిలబడ్డడు, చూసినవా? నవ్వు. నవ్వురా తుల్జారాం. రెండెకరాలు అమ్మినవ్ గద."

వెనక నిలబడ్డది నోర్బూ. ఫిరోజన్న ఆయన వైపు తిరిగి మళ్లీ ఆ పళ్ల నవ్వు నవ్వాడు. ఆయనకిది క్యాంపు బస్సు. పదమూడేళ్లు కిటికీలోంచి చూసిన ఎడారి మళ్లీ కిటికీ అవతలికి వచ్చి నిలబడింది. ఇక్కడ ఎవరూ ఆయన్ని పనికి పిలవలేదు. ఆయనే డ్యూటీ ఎక్కాడు.

ముందు లారీ స్టార్టయింది. దాని ముందుది కదిలింది. నోర్బూ పరుగున వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. అద్దంలో నన్నే చూస్తున్నాడు. బండి మెల్లగా కదిలింది. మలుపు కనబడుతోంది. నాకు ఏడుపొచ్చింది. ఇరవై మూడేళ్లొచ్చి, మూడు సెమిస్టర్లు చదివి, ఒక మనిషి నోట్లోంచి ఒక్క మాట తెప్పించలేకపోతున్నాను. ఇతను ఇక్కడే పోతే ఆ పేరు రాసిన సంచి నేనే మోసుకొని ఎల్లారెడ్డి బస్టాండులో దిగాలి. నాలుగు దిక్కులా మార్కర్‌తో పేరు, ఊరు. పోతే దొరకాలె గద.

ఏం ఆలోచించి అన్నానో తెలియదు. ఆలోచన అనేది ఏదీ లేదు. షాపులో రోజూ అనే మాట నోటికొచ్చింది.

"అన్నా, లస్మయ్య బాపు వచ్చిండు. మోటరు తెచ్చిండు."

ఆయన కనుబొమలు కదిలాయి.

"ఎన్ని హెచ్‌పీ?"

"ఐదు. పొద్దుగాల సంది వేడెక్కుతున్నదట. గాలి గుంజుతున్నదట."

"వాసనొస్తున్నదా?"

"వస్తున్నదన్నా. ఇంకా నడిపిస్తనే ఉన్నడు. బాగనే నడుస్తున్నది అంటున్నడు."

"ఎవడన్నడు బాగ నడుస్తున్నదని!" గొంతులో షాపు కోపం వచ్చింది. దగ్గు వచ్చింది, దగ్గుతో గులాబీరంగు నురగ పెదవి మీదికి వచ్చింది. "స్విచ్ ఆపుమను. ఇప్పుడే ఆపుమను. ఇంకో పావుగంట నడిస్తే కాలిపోతది."

"ఆ మోటరు నువ్వేనన్నా."

లారీ మలుపు తిరుగుతోంది. మా బండి మలుపు మొదట్లో ఉంది. ఫిరోజన్న తన చేతుల వైపు చూసుకున్నాడు. నీలంగా ఉన్న గోళ్లను ఒక్కొక్కటే చూశాడు, మాడిన తీగ చూసినట్టు. తర్వాత నన్ను చూశాడు. ఈసారి చూపు నా మీదే ఉంది.

"సంపత్," అన్నాడు. "నాకు బాగలేదు తమ్మీ."

తెలుగులో అన్నాడు. నోర్బూకు తెలుగు రాదు. అద్దంలో ఆ మొహం చూసి, నేను చెప్పేలోపలే స్టీరింగు మొత్తం తిప్పేశాడు. వెనక లారీలు హారన్లు కొడుతున్నా పట్టించుకోలేదు. పుణె ఆయన నోరు తెరిచాడు, మావాడి పెదవి మీది నురగ చూసి మూసుకున్నాడు. ఆయనే వెనక్కి వంగి సిలిండరు మాస్కు అందించాడు.

దిగేటప్పుడు ఇంకా భయమేసింది. ఎక్కేటప్పుడు కనీసం మాట్లాడుతున్నాడు. ఇప్పుడు మాట లేదు. మాస్కు లోపల ఆవిరి పట్టడం, పోవడం, అదొక్కటే గుర్తు. ఆవిరి పట్టకపోతే వంగి చూసేవాణ్ణి, మళ్లీ పట్టేది. ఒకసారి మాస్కు తీసి, ప్లాస్టిక్ కవర్లో కక్కాడు. పొద్దున తాగిన నీళ్లు తప్ప ఏమీ రాలేదు. ఖిచిడీ లేదు, ఖీమా లేదు.

"అన్నా, తిండి ముచ్చట చెప్పు," అన్నాను. భాభీ చెప్పినదానికి ఇది పూర్తిగా వ్యతిరేకం, నాకు తెలుసు. ఆ గొంతు వినబడితే చాలనిపించింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

సౌత్ పుల్లూ దగ్గర మందుల గదిలో ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూడటానికి వేలికి క్లిప్పు పెట్టారు. యాభై నాలుగు. మంచి మనిషికి తొంభై అయిదు ఉండాలట. ఆ గదిలో ఉన్నతను ఇంకో సిలిండరు మార్చి, "ఇక్కడ ఆపొద్దు, నేరుగా లేహ్" అన్నాడు. మిగతా మలుపులు నేను లెక్కపెట్టాను. నలభై ఒకటి దాకా గుర్తుంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూపించింది. రెండు ఊపిరితిత్తుల్లోనూ నీళ్లు. "ఇంకో గంట పైన ఉంటే…" అని ఆపేసింది. మిగతాది నేను అడగలేదు.

నాలుగైంది. అంకె ఎనభై రెండుకు వచ్చింది. ఫిరోజన్న కళ్లు తెరిచి పైకప్పు చూస్తున్నాడు. నోర్బూ పోలేదు. పుణె వాళ్లను దించేసి మళ్లీ వచ్చి వరండాలో కూర్చున్నాడు. తన ఫోన్ నుంచి నా ఫోన్‌కు నెట్ ఇచ్చాడు. తెర వెలగగానే ఇఫ్ఫత్ భాభీ కాల్స్ వరసగా పడ్డాయి. పదకొండు. నేను తిరిగి చేసేలోపల పన్నెండోది మోగింది. తెర ఆయన మొహం ముందు పట్టుకున్నాను.

భాభీ షాపులో ఉంది. వెనక గోడకు తీగ చుట్టలు కనబడుతున్నాయి. మాస్కు, తెల్లటి దిండు ఆమెకు కనబడే ఉంటాయి. అయినా ఎప్పుడూ అడిగేదే అడిగింది.

"ఏం తిన్నవ్?"

ఫిరోజన్న మాస్కు కిందికి లాగాడు. పెదాలు కదిలాయి. ఏ మాట కోసం కదిలాయో నాకు కనబడింది. పదమూడేళ్ల మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఏం తినలే ఇఫ్ఫత్," అన్నాడు. "పొద్దుగాల సంది ఏం తినలే. నాకు బాగలేదు."

అవతల దూరంగా బస్టాండులో కండక్టరు "కామారెడ్డి, కామారెడ్డి" అని అరుస్తున్నాడు. భాభీ షాపు స్టూలు మీద కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంకోపారి చెప్పు."

"బాగలేదు."

"ఎక్కడ?"

చెప్పడం మొదలుపెట్టాడు. నిన్న రాత్రి నుంచి తల పగిలిపోతున్నదని. మెట్ల మీద కళ్లు తిరిగినయని. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టున్నదని. చెప్పి ఆగలేదు. రియాద్‌లో వేలు నలిగినప్పుడు మూడు రాత్రులు నిద్రపోలేదని చెప్పాడు. అపెండిక్స్ నొప్పికి దుప్పటి నోట్లో కుక్కుకున్నానని చెప్పాడు. తుల్జారాం పోయిన రాత్రి ఆ ఖాళీ మంచం కింద పడుకొని ఏడ్చినానని చెప్పాడు. ఒక్కో మాటకూ ఊపిరి చాలడం లేదు, అయినా చెప్తున్నాడు.

నేను మిషన్ వైపు చూశాను. ఎనభై రెండు ఎనభై అయింది. డెబ్బై ఎనిమిది. చేతిలో మాస్కు పట్టుకొని నిలబడ్డాను. ఆపాలా, వద్దా? పదమూడేళ్లకు నోరు తెరిచిన మనిషి నోరు ఎట్లా మూసేది? డెబ్బై ఆరు. మిషన్ కూత మొదలుపెట్టింది.

ఆ కూత ఎల్లారెడ్డిలో కూడా వినబడింది.

"చాలు," అంది భాభీ. "మిగిలింది ఇంటికొచ్చి చెప్పు. అంతా వింట. మాస్కు పెట్టుకో."

"ఇంకోటున్నది ఇఫ్ఫత్…"

"స్విచ్ ఆపుమంటున్న గద!"

పెట్టుకున్నాడు. ఆమె కాల్ కట్ చేయలేదు. ఫోన్ దిండుకు ఆనించి, నేను ఆ అంకె వైపే చూస్తూ కూర్చున్నాను. డెబ్బై ఆరు. డెబ్బై ఆరు. చాలాసేపు డెబ్బై ఆరు. తర్వాత డెబ్బై ఏడు.